కుమ్‌వెర్న్ ఉప ఎన్నిక

నోవై, మిషిగన్. 1984 నవంబరు, పోలింగ్ జరిగే మంగళవారం సాయంత్రం. డాక్టర్ సుందర్ రాజ్ ఇంటి వంటగదిలో ముగ్గురున్నారు. ఆయన భార్య నవోమి కోటు తొడుక్కుని నిలబడే ఉంది. చర్చి స్నేహితుడు దైవాశీర్వాదం కారు తెచ్చాడు. సుందర్ రాజ్ మాత్రం కుర్చీలోంచి కదలలేదు.

“నేను రాను. మీరిద్దరూ వెళ్ళి వేసి రండి.”

“అదేంటి అన్నగారూ! మొన్న కోర్టులో మీరు చెయ్యెత్తి ఓత్ తీసుకుంటుంటే పక్కన నేనే ఉన్నాగా. సిటిజన్‌షిప్ కోసం అయిదేళ్ళు కాచుకుని, తీరా మొదటి ఓటు రోజున—”

“రాను ఆశీర్వాదం.”

“ఒంట్లో బాలేదా?”

“బానే ఉంది.”

“ఎక్కడ బావుంది? ఆయనకి పొద్దుట్నించీ తలనొప్పి, దైవాశీర్వాదం. పద, మనం వెళ్దాం. మంచు మొదలైతే మళ్ళీ డ్రైవ్ చెయ్యలేం.”

“నాకు తలనొప్పి లేదు నవోమీ. ఎందుకా అబద్ధం?”

“సరే. లేదు.”

“వదినగారూ, నాకేం అర్థం కావట్లేదు. అన్నగారు ఓటు వెయ్యనంటే ఎవరైనా నమ్ముతారా? ఆదివారం ప్రేయర్ అయ్యాక అందరికీ క్లాసు పీకింది ఈయనే. రిజిస్టర్ చేసుకోండి, వెయ్యండి, వెయ్యండి అని.”

“మిమ్మల్ని వెయ్యమన్నాను. నేను వేస్తానని అనలేదు.”

“ఇంతకుముందు ఎప్పుడూ వెయ్యలేదా?”

“వేశాను. వేల్స్‌లో. పదమూడేళ్ళున్నాం అక్కడ. కుమ్‌వెర్న్ అని, రెండు కొండల మధ్య ఇరుకు లోయ. కిందనించి పైదాకా బొగ్గు గనులు. ఉన్నన్నాళ్ళూ వేశాను, చివరిసారి తప్ప.”

“ఇండియా పాస్‌పోర్ట్‌తోనా?”

“దాంతోనే. కామన్వెల్త్ వాళ్ళకి అక్కడ ఓటుంది. వెయ్యొచ్చు, నిలబడొచ్చు కూడా.”

“కాఫీ చల్లారిపోతోంది దైవాశీర్వాదం.”

“తాగుతా వదినగారూ. చివరిసారి ఎందుకు వెయ్యలేదు అన్నగారూ?”

“అది చెప్పాలంటే అక్కడి పార్లమెంటు సీటు సంగతి మొదట్నించీ చెప్పాలి.”

“ఇప్పుడా? ఏవండీ, బయట ఆయన కారు రోడ్డుమీదుంది.”

“ఉండనీ. ఆ సీటు మొదట్నించీ లేబర్ పార్టీదే. పాత సమ్మెల కాలంలో ఒక గని పనివాడు గెలిచాడు, ముసలివాడై పోయేదాకా ఆయనే మెంబరు. తర్వాత ఒక బడిపంతులు. అవతల చాపెల్ వాళ్ళ, అంటే అక్కడి చిన్న చర్చిల వాళ్ళ తరఫున ఒకాయన ప్రతిసారీ నిలబడేవాడు, ప్రతిసారీ ఓడి, గెలిచినవాడికి షేక్‌హ్యాండ్ ఇచ్చి ఇంటికి పోయేవాడు. అక్కడ ఓట్లు లెక్కపెట్టడం దండగ, కాటాలో వేసి తూచుకుంటే చాలు అని నవ్వుకునేవాళ్ళు.”

“మా బాపట్లలో కూడా ఒకప్పుడు అంతే.”

“డెబ్భై ఏడులో ఆ బడిపంతులు పోయాడు. ఉప ఎన్నిక వచ్చింది. సరిగ్గా అప్పుడే మా హాస్పిటల్లో ఛాతీ వార్డు మూసేస్తామన్నారు. నేను పనిచేసింది ఆ వార్డులోనే. నవోమి నర్సుగా ఉంది కూడా అందులోనే. గనుల్లో దుమ్ము మింగి మింగి ఊపిరి ఆడనివాళ్ళకి ఆ లోయ మొత్తానికి అదొక్కటే దిక్కు.”

“మూసేస్తే?”

“కొండ దాటి వెళ్ళాలి. వీధి దాటలేనివాళ్ళు కొండేం దాటతారు? అందుకని ఇవాన్ ప్రైస్ నిలబడ్డాడు. గని పనివాడు, నా పేషెంటే. ఏ పార్టీ లేదు. వార్డు మూయొద్దు, అదొక్కటే మాట. నువ్వు నిలబడితే పోలింగ్ దాకా కూడా ఉండవయ్యా అన్నాను. ‘నిలబడకపోతే మాత్రం ఉంటానా డాక్టర్ బాఖ్’ అన్నాడు.”

“బాఖ్?”

“మనం నాయనా అన్నట్టు. ఇంకేం అంటాను? నామినేషన్ మీద నేనూ సంతకం పెట్టాను.”

“ప్రచారం చెయ్యగలిగాడా మరి?”

“పాల వ్యాను వెనక కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్ళు. పక్కన ఆక్సిజన్ సిలిండరు. రెండు మాటలు, దగ్గు. మళ్ళీ రెండు మాటలు, దగ్గు. ఆ దగ్గు ఆగేదాకా జనం వానలో టోపీలు చేత్తో పట్టుకుని నిలబడేవాళ్ళు. ఒక్కడు కదిలేవాడు కాదు. వేరేవాళ్ళ ఉపన్యాసం కంటే ఈయన దగ్గే ఎక్కువ పనిచేసింది ఆశీర్వాదం.”

“గెలిచాడా?”

“తొందరపడకు. పోలింగ్ రోజు సాయంత్రం చూసొద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. నవోమికి నైట్ డ్యూటీ. ఇవాన్ భార్య మైర్ తలుపు తీసింది. ‘ఇప్పుడే కునుకు పట్టింది, లేపకండి, ఫలితం వచ్చాక కలిసి పైకి వెళ్దాం’ అంది. వంటింట్లో కూర్చోబెట్టి టీ పోసింది.”

“ఇంకో కాఫీ పెట్టనా?”

“వద్దులే వదినగారూ. ఊఁ, చెప్పండి.”

“కూర్చున్నాను. పైన గదిలో దగ్గు. మైర్ నా మొహం చూసి, ‘వింటున్నారుగా, బానే ఉన్నాడు’ అంది. కాసేపాగి మళ్ళీ దగ్గు. సరే మనిషి ఉన్నాడు కదా అని నేనూ కూర్చుండిపోయాను. అర్ధరాత్రి దాటాక రేడియోలో చెప్పారు. ఓడిపోయాడు. చాలా కొద్దిలో. లోయ మొత్తం నోరెళ్ళబెట్టింది. కాటాలో తూచే ఓట్లు ఆ రాత్రి మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టాల్సొచ్చింది.”

“అయ్యో. ఆయనకెవరు చెప్పారు?”

“మైర్ మెట్ల దీపం వేసి, ‘ఇప్పుడు రండి’ అంది. వెళ్ళాను. ఒళ్ళు కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. మధ్యాహ్నమే పోయాడు.”

“మధ్యాహ్నమా?”

“పట్టుకు చూస్తే నాకు తెలీదా?”

“మరి దగ్గింది? అన్నగారూ, దగ్గింది ఎవరు?”

“ఆయన్ని విసిగించకు దైవాశీర్వాదం.”

“కాదు వదినగారూ, నాకు ఒళ్ళు జలదరిస్తోంది. అసలు ఆవిడ ఎందుకు దాచింది?”

“అక్కడ చట్టం అలాంటిది. ఫలితం చదివేలోపు అభ్యర్థి పోయినట్టు కబురందితే ఎన్నిక రద్దు. పెట్టెలు తెరవరు. అంతమంది వానలో నడిచొచ్చి వేసిన ఓట్లు ఎన్నో ఎవరికీ తెలీదు. తెలిస్తేనే కదా పైవాళ్ళకి భయం? నేను చూసుంటే చెప్పి తీరాలి, డాక్టర్ని. అందుకే పైకి వెళ్ళనివ్వలేదు.”

“ఇంతకీ వార్డు?”

“మూయలేదు. అన్ని ఓట్లు చూశాక ఎవరు మూస్తారు? రెండేళ్ళకి జనరల్ ఎలక్షన్ వచ్చింది. చాపెల్ పక్క గదిలో పోలింగ్. కాగితం తీసుకుని బూత్‌లోకి వెళ్ళాను. పెన్సిల్ పట్టుకున్నానో లేదో, చెక్కకి అవతల దగ్గు.”

“ఎవరో ముసలాయన అయ్యుంటాడు.”

“నేనూ అలాగే అనుకుని చూశాను. అవతల ఎవరూ లేరు. కాగితం అక్కడే వదిలేసి వచ్చేశాను. తర్వాతి నెలే ఇక్కడికి వచ్చేశాం. నిరుడు ఆ సీటు కూడా లేకుండా పోయింది. హద్దులు చెరిపి మళ్ళీ గీశారు. సగం అటు, సగం ఇటు. కుమ్‌వెర్న్ అనే పేరు ఇప్పుడు ఏ బ్యాలెట్ మీదా లేదు.”

“దేవుడు ఉన్నాడు అన్నగారూ. చచ్చినవాళ్ళు దగ్గరు. ప్రార్థన చేసుకుని వెళ్దాం, నేను పక్కనే నిలబడతా.”

“నువ్వు వెళ్ళి కారు వేడి చెయ్యి దైవాశీర్వాదం. నేను ఆయన్ని తీసుకొస్తాను.”

“వదినగారూ—”

“వెళ్ళు నాయనా. హీటర్ వేసి కూర్చో. రెండు నిమిషాలు.”

తలుపు మూసుకుంది. నవోమి అతని అడుగులు వాకిట్లోంచి కారు దాకా వెళ్ళడం విని, అప్పుడు కోటు బొత్తాలు విప్పి ఆయనకెదురుగా కూర్చుంది.

“ఏవండీ.”

“ఊఁ.”

“మైర్ పోయింది. సెప్టెంబర్లో. వాళ్ళ చెల్లెలు ఫోన్ చేసింది, మీరు హాస్పిటల్లో ఉన్నారు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదే?”

“చెప్తే ఇంకోటి కూడా చెప్పాలి. అందుకని. ఆవిడ బతికుండగా నోరెత్తనని బైబిల్ మీద చెయ్యేశాను.”

“ఏం మాట అది?”

“ఇవాన్ నా చేతుల్లో పోయాడండీ. ఆ మధ్యాహ్నం ఒళ్ళు తుడుద్దామని వెళ్ళాను. నీళ్ళు ఇంకా వేడిగానే ఉన్నాయి. ‘పెట్టెలు తెరవనివ్వండి’ అన్నాడు. అంతే, తల వాల్చేశాడు. మైర్ ఏడవలేదు. కర్టెన్లు తీసే ఉంచమంది. వేస్తే చావిల్లని వీధి మొత్తానికి తెలిసిపోతుందని. మీరు వస్తారని మాకు తెలుసు. చూడకుండా వెళ్ళరనీ తెలుసు. అందుకని నేను పైనే ఉండిపోయాను. శవం పక్కన కుర్చీలో. మీరు కింద కప్పు పెట్టిన చప్పుడు వినపడ్డప్పుడల్లా—”

“నవోమీ.”

“చెప్పనివ్వండి. దుప్పటి నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాను. నేనేనండీ. దెయ్యం లేదు, ఏం లేదు. మీరు బూత్‌లో విన్నది మీ భయం. ఏడేళ్ళు మిమ్మల్ని అలా వదిలేశాను. రాత్రిళ్ళు మీరు లేచి కూర్చుంటుంటే పక్కన పడుకుని చూస్తూ ఊరుకున్నాను. నన్ను తిట్టండి, కొట్టండి. కానీ లేవండి, వెళ్దాం.”

“నాకు తెలుసు.”

“ఏం తెలుసు?”

“నువ్వని.”

“ఎప్పట్నించి?”

“మొదటి దగ్గుకే. దుమ్ము పట్టిన ఊపిరితిత్తి అలా దగ్గదు. అడుగున గరగర ఉంటుంది, రాళ్ళ మీద బండి లాగినట్టు. నీది గొంతులోంచి వచ్చింది. అన్నేళ్ళు ఆ వార్డులో ఉన్నవాణ్ణి, ఆ మాత్రం తెలీదా?”

“తెలిసీ కూర్చున్నారా?”

“కూర్చున్నాను. మైర్ ఇంకో కప్పు పోసింది. తాగాను. నాకూ ఆ పెట్టెలు తెరవాలనే ఉంది నవోమీ.”

“మరి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు చెప్తావేమోనని చూశాను. చెప్పలేదు. మాటిచ్చావనుకున్నాను.”

“అయితే ఇంకేంటండీ! నేనని తెలుసు, దెయ్యం లేదని తెలుసు. మరి ఆ చాపెల్లోంచి చెమటలు కారుతూ ఎందుకొచ్చారు? ఇప్పుడెందుకు కదలట్లేదు?”

“కోటు ఇలా ఇవ్వు. వస్తాను. నువ్వు లోపలికెళ్ళి వేసి రా, నేను కార్లో కూర్చుంటాను.”

“కార్లో ఎందుకు? నాకు చెప్పరా? ఇప్పటికైనా చెప్పరా?”

“ఆ రాత్రి నువ్వు డ్యూటీకి వెళ్ళావు కదా.”

“వెళ్ళాను. పోలింగ్ అయిపోగానే. వెనక మెట్లు దిగి, సందులోంచి.”

“కిటికీలోంచి చూశాను. వానలో తలమీద నర్సు యూనిఫాం శాలువా కప్పుకుని వెళ్ళావు. సందు చివర దీపం దాటేదాకా చూశాను.”

“అయితే?”

“తర్వాత ఆ ఇంట్లో నేనూ మైరూ, అంతే. బల్లకి చెరోవైపు కూర్చున్నాం. రేడియోలో ఓడిపోయాడని చెప్పేదాకా పైన దగ్గుతూనే ఉన్నాడు నవోమీ, అడుగున ఆ గరగరతో.”