నా గొంతు పద్మప్రియక్క

అక్కా, నాకు తెలుగొస్తది.

గట్ల చూడకు. ముందు ఆ హెడ్‌ఫోన్స్ తీసి కుర్చీల కూసో. నీళ్ళు తాగు. సిన్మోళ్ళల్ల ఇప్పటిదాకా ఒక్కరికి గూడ ఈ మాట చెప్పలే. ఏం చెయ్యాలె మరి? ఇంతసేపటిసంది అద్దంలకెళ్ళి నిన్నే చూస్తున్న. తెర మీద నా మూతి కదులుతుంటే నువ్వేమో మైకు ముంగట నాకు డబ్బింగ్ చెప్పుకుంట "ఏందిరా భయ్, గిట్లెట్ల జేస్తివి" అని... పద్మప్రియక్కా, మీ బెజవాడ నోట్లె ఆ మాట ఎట్లుందో తెలుసా? వేడి వేడి పులుసు నోట్లె పోసుకొని అన్నట్టుంది! ఇగ ఆగలేకపోయిన.

సౌండ్ ఇంజినీరు చాయ్‌కి పోయిండు. తలుపేసుంది. చెప్పనీ.

"బాగా మాట్లాడుతున్నావే" అంటవేంది? మాట్లాడనా మరి! పుట్టి పెరిగింది రహమత్ నగర్ల. ఇంట్ల పేరు అనసూయ. వర్ణిక అని పెట్టింది మా మేనేజర్ కమలాకర్ సార్. పూణే నేను చూసింది మ్యాప్‌లనే.

ఎట్లయిందా? డిగ్రీ అయినంక ఫోటోలు పట్టుకొని ఫిల్మ్ నగర్ల ఎక్కని ఆఫీసు లేదు. "ఏ ఊరమ్మా?" "రహమత్ నగర్ సార్." "ఫోటోలక్కడ పెట్టి వెళ్ళు." రోజూ ఇదే పాట. ఒకనాడు కమలాకర్ సార్ ఆఫీసు గేటు కాడ వాచ్‌మన్ హిందీల అడిగిండు. నేనూ మా గల్లీ హిందీల చెప్పిన. లోపట్నుంచి సార్ విన్నడు. లేచి ఎదురొచ్చిండక్కా! "ముంబయా, పూణేనా?" అన్నడు. నేను నోరు తెరిచేలోపట ఏసీ వేసిండ్రు, కొబ్బరినీళ్ళు తెచ్చిండ్రు. ఎండల నడిచి పోయిన. తాగిన. తాగినంక "పూణే" అన్న.

నోరు మూసుకుంటే హీరోయిన్ అయితరని తెలిస్తే ముందే మూసుకుందును గదా!

మాటల మధ్యల ఒకసారి అవుననబోయి మా గల్లీ "హౌ" జారింది. "మా పూణేల గిట్లనే అంటరు సార్" అన్న. రాసుకున్నడు!

అటెన్క గోపాలకృష్ణ మాస్టారును పెట్టిండ్రు, నాకు తెలుగు నేర్పనీకి. పాపం పెద్దాయన. "అమ్మా, 'పళ్ళు' అను తల్లీ" అంటడు. నేను "పల్లు" అంట. వచ్చిన భాషను తప్పు మాట్లాడుడు ఎంత కష్టమో నీకేమెరుక? ఆయన బీపీ గోలీలు మింగిండు గని నన్ను తిట్టలే.

సెట్ల అందరు గోంగూర మటన్ తింటుంటే నాకు కీరదోస ముక్కలు! "ఆ పిల్లకి మన కారం పడదురా" అంట. నా ముంగటనే అంటరు. నేను నవ్వాలె.

ఆ ఏడుపు సీన్ యాదికుందా? తల్లి సచ్చిపోయినప్పటిది. సీన్ల మునిగిపోయి డైలాగ్ తెలుగుల మంచిగనే అన్న. డైరెక్టర్ కట్ చెప్పి, "మేడం, శ్రమపడకండి, వన్ టూ త్రీ అనేయండి చాలు" అన్నడు. శవం ముంగట కూసొని గుండెలు బాదుకుంట "వన్ టూ త్రీ ఫోర్" అన్న అక్కా! నువ్వు గొంతు పోసినవు. జనం ఏడ్చిండ్రు. అవార్డు నాకిచ్చిండ్రు.

ఎవ్వరికీ తెల్వకుండ ఎట్లుందంటవా? మా గల్లీల అందరికీ తెలుసు. ఫిల్మ్ నగర్‌లకెళ్ళి దిగొచ్చి మా గల్లీని అడిగెటోడెవడు? మా పక్కింటి మౌళిగాడు "ఈమె మా అనసూయక్క" అని వీడియో గూడ పెట్టిండు. కింద జనం "నీ మొఖానికి వర్ణిక అక్కనా" అని వాన్నే తిట్టిండ్రు.

నవ్వు, నవ్వు. అసలు సంగతి విను, నవ్వాగుతది.

నిన్న జూబ్లీహిల్స్ల డైరెక్టర్ సిద్ధార్థ సార్ నాకు కొత్త కథ చెప్పిండు. కమలాకర్ సార్ బతిమాలితే. రహమత్ నగర్ల టిఫిన్ బండి నడిపే పోరి కథ. ఎవ్వనికి భయపడది, ఏడ్వాల్సిన కాడ నవ్వుతది. ఆయన ఇంగ్లీషుల చెప్తుండు, నాకు లోపల మా అమ్మ మాటల్ల వినబడుతుంది. ఆ వేషం నాది అక్కా. నాదే.

అయిపోయినంక ఆయన కమలాకర్ సార్ దిక్కు తిరిగి తెలుగుల అన్నడు. "మీ మాట కాదనలేక చెప్పానండీ. ఈ పిల్లకి ఇదెక్కడ అర్థమవుతుంది? ఢిల్లీ నుంచి నాటకాలమ్మాయిని తెస్తున్నా. రహమత్ నగర్‌లోనే ఒకరింట్లో పెట్టి మాట నేర్పిస్తా." నేను "నైస్ స్టోరీ సర్" అని లేచొచ్చిన.

ఆ ఇల్లెవరిదో తెలుసా? పొద్దుగాల మా అమ్మ ఎల్లమ్మ ఫోన్. "బిడ్డా, సిన్మోళ్ళొచ్చిండ్రే. మీదున్న నీ అర్ర కిరాయికి అడిగిండ్రు. ఎవరో ఢిల్లీ పోరంట, నా ఎనుక తిరిగి నా మాట నేర్చుకుంటదంట. రొట్టెలు తింటదా, అన్నమా?"

నా అర్ర. నా మంచం. నా అమ్మ. నా వేషమెయ్యనీకి ఢిల్లీ పోరి!

చెప్తే అయిపోతదంటవా? చెప్తే కమలాకర్ సార్ గుండె పట్టుకుంటడు. చేతుల ఉన్న సిన్మాలోళ్ళు మోసం అంటరు. ఇంకోటి, నా గొంతు నేనే చెప్పుకుంటే పోయేది నీ పని. అందుకే ముందు నీకే చెప్పిన.

ఏమంటవ్? ఆ యాస పలకలేక దవడలు పీకుతున్నయా? నా పని పోయినా సీరియళ్ళున్నయా నీకు? నిజంగనా, నా కోసం అంటున్నవా?

అక్కా, ఇంకొక్క మాట. నా భయం పూణే అబద్ధం బయటపడుతదని కాదు. జనానికి నచ్చింది నీ గొంతు. నాది వినంగనే ఆయన "వద్దులే" అంటే? అప్పుడు సాకు గూడ ఉండది గదా.

సరే. ఏమైతే గది. అర్ర ఇయ్యకని అమ్మకు కాదు, సిద్ధార్థ సార్‌కే ఫోన్ చేస్త. ఇప్పుడే. ఇంగ్లీషు లేదు, హిందీ లేదు, మా గల్లీ తెలుగే.

నవ్వితే నవ్వు గని బయటికి పోకు. సగంల నా గొంతు ఆగితే నువ్వే అందుకోవాలె.