ఐవర్ రాసిచ్చిన చీటీ

ఏరా టేట్, ఎల్క్ దుప్పిని కొట్టుకొచ్చావు సరే, లైసెన్సుతో ఇచ్చిన ట్యాగేదిరా? జేబులోనా? మోంటానాలో పుట్టి ఇదేం పనిరా, ముందు కొమ్ముకి కట్టు. నవ్వకు. మీ తాత పక్కింట్లో ఐవర్ హాగన్ ఉండేవాడు, నువ్వు పుట్టకముందే పోయాడులే, ఆయనైతే జంతువు పడ్డచోటే ట్యాగు మీద నెలా తేదీ కత్తిరించి కట్టేసేవాడు. తొడ కోసినా మగదన్న ఆనవాలు దానికి అంటుకునే ఉండాలి, అదీ రూలే. "చచ్చినదానిక్కూడా ఒక మర్యాదుందిరా డెల్బర్టూ" అనేవాడు నాతో, ముక్కుతో. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్ద. తుపాకీ పట్టడం నేర్పింది ఆయనే. ఆ ఏడు... డెబ్భైనాలుగు, కాదు కాదు, మా గోధుమచేను వడగళ్లకి పోయిన ఏడు, డెబ్భైమూడు. పొద్దున్నే కొండమీద పెద్ద మగదాన్ని కొట్టాడు. కోసి నాలుగు ముక్కలు చేశాం. కంచరగాడిద ఒక్కటే, రెండుసార్లు దించాలి. అంతలో గుండె మీద చెయ్యేసుకుని దుంగకి ఆనుకున్నాడు. "మాంసం సంగతి తర్వాత, కిందికి పోదాం పదన్నా" అన్నాను. "గ్యాసురా. నువ్వు సగం దించు, మిగతాదానికి ఎలుగుబంటి రాకుండా నేనుంటా" అన్నాడు. నేను కదలబోతుంటే, "ఆగు, నా వేట నీ బండిలో ఊరికే పోతే దొంగమాంసం అంటారు" అని పెన్సిలు తీసి చీటీ రాశాడు. పేరు, లైసెన్సు నంబరు, ఎన్ని ముక్కలు, ఎవరు తీసుకెళ్తున్నారు, తేదీ, సంతకం. చెయ్యి వణుకుతోందిరా. చూశాను. చలి అనుకున్నాను.

కింద బండ్లు ఆపేచోటే వేటమాంసం తనిఖీకి చెక్‌పోస్టు పెట్టారు. వార్డెన్ ఆ చీటీ చదివి, "ఇంత పద్ధతిగా రాసినవాణ్ణి ఈ ఏడు చూడలేదయ్యా" అని అక్కడున్న నలుగురికీ చూపించాడు. నేను ఉబ్బిపోయాను. కాఫీ ఇస్తే తాగాను. ఇంకో కప్పు పోస్తే అదీ తాగాను. వేట కబుర్లు చెప్పాను. అరగంట... అరగంట పైనే. పైకెళ్లేసరికి దుంగకి ఆనుకునే ఉన్నాడు, టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన భార్య సిగ్ని నా ముందు ఏడవలేదు. "దారిలో ఎక్కడన్నా ఆగావా డెల్బర్ట్?" అని ఒక్కటే అడిగింది. లేదొదినా, అన్నాను. "నువ్వు మాత్రం ఏం చేస్తావులే" అని నా భుజం నిమిరింది. బతికున్నన్నాళ్లూ ప్రతి క్రిస్మస్‌కీ నాకు కేకు పంపింది, తన చేత్తో చేసి. నేను...

ఆఁ? ఏం లేదురా. వాన వచ్చేలా ఉంది, ఆ టార్పాలిన్ ఇటు లాగు.