సంజీవరావు గారి సాక్ష్యం

కూర్చోమ్మా దీవెనా, ఆ కుర్చీ కాదు, దాని కాలు విరిగింది, ఇటు మంచం మీద కూర్చో. ఫోను ఆన్ చేశావా? చెయ్యి, నాకేం సిగ్గా. మీ చర్చికి యాభై ఏళ్ళు నిండాయని పుస్తకం వేస్తున్నారా, అందులో మీ తాతగారికి ఒక పేజీయా. మంచి విషయాలే చెప్పమన్నారా? సరిపోయింది. మీ తాతగారి మంచి చెప్పాలంటే ముందు చెడ్డ చెప్పాలి, ఆయనతో వచ్చిన చిక్కే అది. నేను మీ మతం వాణ్ణి కూడా కాదు, సముద్రం మీద వలలేసి బతికిన వాళ్ళం. అయినా నన్నే అడగమని పంపింది చూడు మీ నాయనమ్మ వెంకటరత్నమ్మ గారు, ఆవిడ తెలివే తెలివి.

చల్లపల్లి దాటాక రోడ్డు పక్కన ఐసు ఫ్యాక్టరీ ఉండేది. ఇప్పుడు లేదులే, కల్యాణ మండపం కట్టారు. మొన్నొక పెళ్ళికి వెళ్తే ఏసీ పనిచెయ్యలా, ఇక్కడే చల్లదనం లేకపోతే ఇంకెక్కడుంటుందని నవ్వుకున్నా. ఆఁ, ఏం చెప్తున్నా? మీ తాత సంజీవరావు గారు అందులో ఆపరేటరు. నేను ఐసు దిమ్మలు లాగి లారీకెక్కించేవాణ్ణి. ఆయన పనేంటంటే, గంటగంటకీ లేచి వెనక్కెళ్ళి అమోనియా ట్యాంకు మీది ప్రెజరు గేజీ చూడాలి, వచ్చి ఆ అంకె పుస్తకంలో రాయాలి. పన్నెండు దగ్గర ఉంటే ఫర్వాలేదు. పైకెక్కుతుంటే మిషను ఆపెయ్యాలి. గోడ గడియారమన్నా ఆగేదేమో గానీ మీ తాత ఆగేవాడు కాదు. ఏదో మీ పాట గొణుక్కుంటూ లేచి వెళ్ళొచ్చేవాడు. ఆదివారం మీ గుడికి, అదే చర్చికి, వెళ్ళడానికి ఓనరుతో పోట్లాడి మూడు గంటలు సంపాదించుకున్నాడు, దానికి బదులు ఆ రోజే రెండో డ్యూటీ కూడా చేసేవాడు. రొయ్యల సీజనొస్తే ఐసు కోసం లారీలు బారులు తీరేవి. "రొయ్యకి ఆదివారం తెలీదయ్యా సంజీవరావ్" అనేవాడు మేనేజరు. "నాకు తెలుసు కదండీ" అనేవాడు ఈయన.

ఆ ఏడు ఏప్రిల్లో వరసగా నాలుగు రోజులు రెండేసి డ్యూటీలు వేశారు ఆయనకి. నాలుగో రోజు మధ్యాహ్నం మూడు దాటింది, పైపు పగిలింది. పెద్ద చప్పుడేం లేదు, బుస్సుమంది అంతే. కళ్ళు మంటలు, ఊపిరాడదు, దొరికిన గుడ్డ తడిపి మొహాన వేసుకుని పరిగెత్తాం. ఐసు కొట్టే వీరమ్మ లోపల పడిపోయింది. నేనే వెళ్ళి భుజాన వేసుకొచ్చా. రెండు నెలలు ఆస్పత్రిలో ఉంది పాపం, ఒక కన్ను ఇప్పటికీ మసకే.

ఇక మేనేజరు పుస్తకం తెరిచాడు. రెండు గంటలకి పన్నెండు, మూడు గంటలకి పన్నెండు. ప్రెజరు బాగానే ఉంది, మరి పైపెలా పగిలింది? ఎవడో గుద్ది ఉండాలి. ఎవడు? గంగాధర్ గాడు, అంటే నేనే. ఎందుకంటే అంతకు ముందు రెండుసార్లు నేను ట్రాలీతో గోడ గుద్దాను, అది మాత్రం నిజం. పోలీసులొచ్చి తీసుకెళ్ళారు. నాలుగు రోజులు ఉంచుకుని బెయిలు మీద వదిలారు. కేసు నడిస్తే జైలే అన్నాడు ప్లీడరు. మా అమ్మ అన్నం మానేసింది. స్టేషన్లో ఉన్న నాలుగు రోజులూ మీ తాతగారు క్యారియరు తెచ్చాడు. నా వంక చూసేవాడు కాదు, క్యారియరు మూత వంక చూస్తూ నిలబడేవాడు. ఎంత మంచివాడో, నా కష్టం చూడలేకపోతున్నాడని కళ్ళనీళ్ళు పెట్టుకున్నా. వెర్రివెధవని.

పదకొండు రోజులయ్యాయి. పన్నెండో రోజు ఆదివారం. పొద్దున్నే మా ఇంటికొచ్చాడు. "గంగాధర్, ఈ పూట నాతో గుడికి రా" అన్నాడు. నన్ను మీలో కలిపేస్తారేమోనని నా భయం. బొట్టు తుడుచుకోవాలా అనడిగా. "ఎందుకూ, అది నీదిగా" అన్నాడు. వెళ్ళి చివరి చాప మీద కూర్చున్నా. మీ గుళ్ళో ప్రసంగానికి ముందు సాక్ష్యాలు చెప్తారు కదా. ఒకాయన కొడుక్కి సీటొచ్చిందన్నాడు, ఒకావిడ మోకాళ్ళ నెప్పి పోయిందంది, అందరూ స్తోత్రం, స్తోత్రం అంటున్నారు. బాగానే ఉంది అనుకున్నా. అప్పుడు పాస్టరు గారు, "మన సంజీవరావు గారిని దేవుడు విషవాయువు నుంచి తప్పించాడు, వచ్చి సాక్ష్యం చెప్తారు" అన్నాడు.

వెళ్ళి నిలబడ్డాడు. మైకు కూడా తీసుకోలా. "నేను తప్పించుకున్న మాట నిజం. నేను ఉండాల్సిన చోట లేను, అందుకని తప్పించుకున్నాను. రెండింటికీ లేవలేదు, మూడింటికీ లేవలేదు. కూర్చున్న కుర్చీలోంచే పన్నెండు, పన్నెండు అని రాశాను" అన్నాడు. "స్తోత్రం" అంది ముందు వరసలో ఒక ముసలావిడ, అలవాటు మీద. మీ తాత ఆగలా. "వెళ్ళి ఉంటే మిషను ఆపేవాణ్ణి, వీరమ్మ కళ్ళు బాగుండేవి. అదుగో ఆ చివర కూర్చున్నాడే గంగాధర్, అతను ఏ పైపూ గుద్దలేదు. తెలిసి కూడా పదకొండు రోజులు ఊరుకున్నాను, ఉద్యోగం పోతుందని, పిల్లాడి చదువాగిపోతుందని." పిల్లాడంటే మీ నాన్నే. పాస్టరు గారు కంగారుపడి, ప్రార్థన చేసుకుందాం అని లేచాడు. "కూర్చోండి అయ్యగారూ, ప్రార్థన ఈ పదకొండు రోజులూ చేశాను. ఇప్పుడు స్టేషనుకెళ్ళాలి" అన్నాడు మీ తాత.

బయటికొచ్చి చెప్పులేసుకుంటున్నాడు. నేను వెనకే వెళ్ళి చెంప మీద కొట్టాను. అవునమ్మా, మీ తాతనే. రాసుకుంటే రాసుకో, లేకపోతే లేదు. మా అమ్మ తినకుండా పడుకుంది పదకొండు రోజులు. ఆయన రెండో చెప్పు కూడా వేసుకున్నాడు. నేను గేటు పట్టుకుని ఏడ్చా. మీ నాయనమ్మ వచ్చి ఇద్దర్నీ చూసింది. "ఇంట్లో నాకొక్క ముక్క చెప్పకుండా ఊరందరికీ చెప్తావా, రేపు మేమేం తిని బతకాలి" అని మొగుణ్ణి నిలబెట్టి దులిపేసింది. దులిపేసి, గొడుగు విప్పి మాతో పాటు స్టేషను దాకా నడిచింది.

నా మీద కేసు పోయింది, ఆయన ఉద్యోగం పోయింది. కోర్టు చుట్టూ రెండేళ్ళు తిరిగాడు. వీరమ్మ దగ్గరికెళ్తే మొహాన తలుపేసింది, తప్పేముంది. తర్వాత ఇంటి ముందు పాక వేసుకుని ఫ్రిజ్జులు బాగుచెయ్యడం మొదలెట్టాడు. అసలు ఎవరైనా ఇస్తారా అనుకున్నాం. అంత దూరం పటమట నుంచి కూడా ఆటోలో వేసి పంపేవాళ్ళు. చెడిపోనిది చెడిపోయిందని చెప్పడని పేరొచ్చింది. ఆ పాకలోనే నన్ను కూర్చోబెట్టి గేజీ చూడ్డం, మిషను ఆపడం అన్నీ నేర్పాడు. దిమ్మలు లాగేవాణ్ణి ఆపరేటర్నయ్యాను, ఆయన కుర్చీలోనే కూర్చున్నాను. మీ మతంలోకి రమ్మని ఒక్కనాడు అడగలేదు. నాకప్పుడప్పుడు రోషమొచ్చేది, అడగొచ్చు కదా అని. వీరమ్మ నాలుగో ఏడు ఫ్రిజ్జు పట్టుకొచ్చింది. పలకరించలా, దించి వెళ్ళిపోయింది. ఆ రోజు ఈయన సంబరం చూడాలి నువ్వు.

ఆయన పోయినప్పుడు నువ్వు చంకలో పిల్లవి. నాకు మధ్యాహ్నం డ్యూటీ. నాతో ఉన్నవాడికి మిషను అప్పజెప్పి, రెండు గంటలకి సమాధుల దొడ్డికొచ్చి, పిడికెడు మట్టి వేసి పరిగెత్తుకెళ్ళా. వెళ్ళి చూస్తే పుస్తకంలో రెండింటి గడి ఖాళీగా ఉంది, వాడు చూడ్డం మర్చిపోయాడు. "పన్నెండని రాసెయ్ బాబాయ్, ఒంటిగంటకీ పన్నెండే, ఎవడొచ్చి చూశాడు" అన్నాడు. పెన్ను తీసుకున్నా. ఆ గడిలో "చూడలేదు" అని రాశా. మేనేజరు పిలిచి, ఏంట్రా ఇది, రీడింగు పుస్తకంలో ఎక్కడన్నా ఇలా రాస్తారా అని తిట్టాడు. రాస్తారండీ అన్నాను...

చినుకులు పడుతున్నాయి, నీ స్కూటీ అరుగు మీదికి ఎక్కించమ్మా.