డ్రిల్లు ఆగిపోయాక

ఉదయం. రాతబల్ల ముందు భార్య. చప్పుడు కాకుండా చెప్పులు చేత్తో పట్టుకుని, గుమ్మంలో భర్త.

“రాసేవాళ్లకి నిశ్శబ్దం కావాలని లోకమంతటికీ తెలుసు. పక్కింటివాళ్లకి మాత్రం నేను వెళ్లి చెప్పాల్సొచ్చింది. ఇక డ్రిల్లు మోగదు. హాయిగా రాసుకో.”

“పంపించేశారా ఆ డ్రిల్లు కొట్టే అతన్ని?”

“పంపించేశా. ‘మా ఆవిడ రచయిత్రి, రిటైరయ్యాక మళ్లీ కలం పట్టింది’ అన్నా. పాపం, నిచ్చెన కూడా మునివేళ్ల మీద నడుస్తూ మోసుకెళ్లాడు.”

“ఎవరడిగారండీ మిమ్మల్ని?”

“అడగాలా? కుక్కర్ మాన్పించాను. టీవీ నోరు నొక్కాను. మనవరాలి డ్రమ్ములు అటకెక్కించాను. ఇంకేం మిగిలింది?”

“నేనూ, తెల్లకాగితమూ. రోజూ ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం.”

“మూడ్ రావాలి. తొందరపడకు.”

“మూడ్ ఏమన్నా బస్సా, నిలబడి ఎదురుచూడ్డానికి? పెన్ను మార్చి చూశా. కుర్చీ మార్చి చూశా. తెల్లారగట్లే లేచి చూశా. ఏది కారణమో తేలాలని ఒక్కోసారి ఒక్కటే మార్చాను. ఏదీ కాదు. ఇవాళ కూడా రాకపోతే ఇక రాయడం మానేద్దామనుకున్నా.”

“ఇదేమన్నా నువ్వు ఉద్యోగం చేసిన ల్యాబా, పరీక్షలు పెట్టడానికి? కథంటే లోపల్నుంచి...”

“వచ్చిందండీ లోపల్నుంచే. ఇందాక. ఇదిగో.”

“ఏదీ... అరపేజీ! రాసేశావే! ‘ఆమె తలుపు తీసేసరికి గదిలో’... ఊఁ, గదిలో? ఏముంది గదిలో?”

“నాకేం తెలుసు? సరిగ్గా అక్కడే మీరు డ్రిల్లు ఆపించారు.”

“అంటే... ఆ గోలలో రాశావా?”

“ఆ గోలలోనే.”

“ఏదో యాదృచ్ఛికం.”

“కావచ్చు. ఒక్కసారి జరిగితే రుజువు కాదని నాకూ తెలుసు. అందుకే ఆగాక కూడా కదలకుండా కూర్చున్నా. ఇంకా ‘గదిలో’ దగ్గరే కూర్చున్నా.”

“అదెలా కుదురుతుందే? ఉద్యోగం చేస్తూ అన్ని కథలు రాశావు. నేను బదిలీల మీద ఊళ్లు తిరుగుతుంటే ఇల్లంతా నీదే, చీమ చిటుక్కుమన్నా వినబడేది. అందుకే రాయగలిగావని వచ్చినవాళ్లందరికీ చెప్తున్నాను కదా!”

“చెప్తున్నారు, చెప్తున్నారు. విని విని నేనూ నమ్మేశాను. ఇందాక ఆ డ్రిల్లు మోగేదాకా గుర్తే రాలేదు.”

“ఏం గుర్తు రాలేదు?”

“మా నీళ్ల శుద్ధి కేంద్రం. ల్యాబుకీ పంపుల గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. బీకర్లలో మడ్డి అడుక్కి దిగేదాకా నాకు వేరే పనుండేది కాదు...”

“అయితే?”

“ఆ కథలన్నీ అక్కడ రాసినవే. ఇంట్లో నేను ఒక్క కథా రాయలేదండీ.”