ముందు ఎవరి కప్పు

ఆదివారం పొద్దున, హాంకాంగ్‌లో ఒక పాత టీ హోటలు. నా పక్క బల్ల దగ్గర అరవై దాటిన తల్లీ, ఆమె కొడుకూ. వాళ్లతో వచ్చిన ఐర్లండ్ మనిషి రొయ్యల కుడుముల బండి దగ్గరికి లేచి వెళ్లాడు.

“చూశావా అమ్మా? టీ ముందు తన కప్పులోనే పోసుకున్నాడు. మన పద్ధతులు తెలీనివాణ్ణి పెళ్లి చేసుకుంటావా?”

“తెలీకపోతే నేర్పుతా.”

“నువ్వు పోసినప్పుడు వేళ్లతో బల్ల తట్టి థాంక్స్ చెప్పాలని కూడా తెలీదు. అదిగో, ఆ మూల బల్ల దగ్గర మన అత్తయ్య చూసి నవ్వుతోంది.”

“నవ్వనీ. మీ నాన్నకి అన్ని పద్ధతులూ తెలుసు కదరా! బల్ల చుట్టూ అందరి కప్పులూ నింపేవాడు. నా కప్పులో ఎప్పుడైనా పోశాడా?”

“పోయినాయన మాట ఇప్పుడెందుకమ్మా?”

“నువ్వు పద్ధతుల మాటెత్తావు కాబట్టి. డెక్లన్ నా కప్పు ఖాళీగా ఉండటం చూసి, నాలిక్కరుచుకుని, తన కప్పే నా ముందుకు జరిపాడు. అది చూళ్లేదా?”

“...చూశాను.”

“అయితే కుర్చీ జరుపు, వస్తున్నాడు. ఆయన నా పక్కనే కూచుంటాడు. నువ్వు ఆయనకి టీ పొయ్యి.”

“నేనా?”

“పెద్దవాళ్లకి చిన్నవాళ్లే పొయ్యాలిరా. పద్ధతులు తెలిసినవాడివి కదా!”

కొడుకు టీ కూజా అందుకున్నాడు.