దేవిశ్రీ బండిలో పోసిన నూనె

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్ళకు, అన్నదమ్ములకు నమస్కారం. ఈ కెనడా మంచులో ఎడ్మంటన్ నలుమూలల నుంచీ డ్రైవ్ చేసుకుని వచ్చారు. చాలామంది కోట్లు కూడా విప్పలేదు. హీటర్ పనిచేస్తూనే ఉంది, అయినా ఎవరికీ వెచ్చగా లేదు. నాకూ లేదు.

నా పేరు వైదేహి. దేవిశ్రీ వాళ్ళింటికి రెండిళ్ళ అవతల ఉంటాం. పోయిన వారం మన దేవిశ్రీ ఉత్తరాన ఒక చమురు బావి దగ్గర బండి స్టార్ట్ కాక, హైవే వైపు నడుస్తూ, చలికి చనిపోయింది. ఈ ఒక్క వాక్యం చివరిదాకా చెప్పడం ఇవాళ పొద్దున దాకా నాకు చేతకాలేదు.

అమ్మా, అయ్యా, ముందే ఒక మాట. మంచివాళ్ళను దేవుడు తొందరగా పిలుచుకుంటాడని దయచేసి నాతో అనకండి. ఆమెకు వెళ్ళాలన్న తొందరేమీ లేదు. శనివారం మా ఇంటికొచ్చి గుత్తివంకాయ వండుతానంది. ఆమెకున్న తొందరల్లా అదే.

మీలో చాలామందికి ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేసేటప్పటినుంచి తెలుసు. లేఆఫ్‌లో ఉద్యోగం పోతే మనం ఏం చేస్తాం? రెజ్యూమే దిద్దుకుంటాం, తెలిసినవాళ్ళందరినీ రిఫరల్ అడుగుతాం. ఆమె ఒక పాత డీజిల్ పికప్ ట్రక్కు కొనుక్కొచ్చింది. బావుల దగ్గరకు పంపులూ వాల్వులూ చేరవేసే పని పట్టింది. అప్పుడు మనం ఏమన్నాం? భర్త కేశవరావు గారు ఉద్యోగం చేస్తూ ఉండగా ఈవిడకు ఇదేం ఖర్మ అన్నాం. అనలేదా? ఈ హాల్లోనే అన్నాం.

ఉగాది పాట్‌లక్‌కు అందరం తలో వంటకం తెచ్చాం, ఆమె పులిహోర ట్రే తెచ్చింది. ఆమె గోళ్ళ సందుల్లో గ్రీజు చూసి ఒకావిడ గరిటె వెనక్కి పెట్టేసింది. దేవిశ్రీకి కోపం రాలేదు. 'చేతులు సబ్బుతో కడిగానండీ, గోళ్ళు మాత్రం నా మాట వినవు' అని నవ్వింది. కాసేపటికి ఆ ట్రే అడుగు గీకింది ఆవిడే.

ఒకసారి నేను ఆమెతో బండి పార్టులమ్మే షాపుకు వెళ్ళాను. నాకు విసుగొచ్చేదాకా ఆ నూనె డబ్బాల ముందు నిలబడింది. అందరం డబ్బా మీద బొమ్మ చూస్తాం, ఆమె వెనక్కి తిప్పి చదివేది. ఈ నూనె ఎంత చలి దాకా పారుతుంది? తన ఇంజనుకు మాన్యువల్లో రాసిన రకమేనా? గ్రీజయితే చలికి రాయిలా అవుతుందా, రోడ్డు మీద ఉప్పునీళ్ళకు కొట్టుకుపోతుందా? ఇన్ని ప్రశ్నలు. 'అక్కా, ఎండాకాలం నూనె వేరు, చలికాలం నూనె వేరు. ఈ చలిలో చిక్కటి నూనె ముదురు పాకంలా బిగుసుకుంటుంది, ఇంజను తిరగదు' అని చెప్పింది. నేను తలూపాను. అర్థమై కాదు, ఆకలేసి.

అంత చూసుకునే మనిషి బండి ఎందుకు స్టార్ట్ కాలేదు? మీరందరూ మనసులో అడుగుతున్నది ఇదే కదా? చెబుతాను. నన్ను చెప్పమన్నది కేశవరావు గారే. వాట్సాప్ గ్రూపుల్లో ముక్కలు ముక్కలుగా తిరగడం కంటే, నలుగురి ముందు మొత్తం చెప్పమన్నారు.

దేవిశ్రీకి జ్వరం వచ్చింది. బండికి నూనె మార్చాల్సిన వేళ దాటిపోతోంది. జ్వరంతో ఆ సిమెంటు నేల మీద, బండి కింద ఎక్కడ పడుకుంటుందోనని, ఆయనే గరాజులోకి వెళ్ళి నూనె మార్చారు. తాడేపల్లిగూడెంలో వాళ్ళ నాన్నగారికి లారీ ఉండేది. అక్కడి ఎండలకు, అరిగిన ఇంజనుకు చిక్కటి నూనే పోసేవారు. పాత ఇంజనుకు అదే బలమని ఆయన చిన్నప్పటినుంచీ విన్నారు. షెల్ఫులో రెండు రకాలూ ఉన్నాయి. ఆయన చిక్కటిది తీసుకున్నారు. భార్య బండికి మంచిది పోస్తున్నాననే అనుకున్నారు.

పనైపోయిందని చెప్పారు. ఏ నూనె పోశారని ఆమె అడగలేదు. షాపువాణ్ణి అడిగేది, నన్ను అడిగేది, ఆయన్ను మాత్రం అడగలేదు. మొగుడు ప్రేమగా చేసిన పనికి ఎవరు లెక్కలడుగుతారు?

జ్వరం తగ్గి ఆమె బయలుదేరిన రోజు గరాజు వెచ్చగా ఉంది, ఇంజను చల్లబడకుండా బండికి హీటర్ ప్లగ్ పెట్టి ఉంది, స్టార్ట్ అయింది. బావి దగ్గర గ్యాసు అంటుకుంటుందన్న భయానికి ఇంజను ఆపేయాలి. ఆపింది. అక్కడివాళ్ళ పని అయ్యేదాకా, చీకటి పడేదాకా ఆ బండి చలిలోనే ఉంది. ఆమె సామాను తాళ్ళతో కట్టుకుంటుంటే, వెనకే వస్తుందిలే అనుకుని వాళ్ళు ముందు వెళ్ళిపోయారు. ఇంజను తిరగలేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. కొత్తగా వచ్చిన మనవాళ్ళందరికీ 'బండి ఆగిపోతే బండి వదలొద్దు' అని చెప్పిన మనిషి, బండి వదిలి నడిచింది. ఎందుకు నడిచింది? మనకు తెలియదు. ఇక తెలిసే దారీ లేదు.

కేశవరావు గారూ, మీకు నేనేం చెప్పను? నూనె వల్ల కాదని చెప్పనా? బ్యాటరీ బాగానే ఉంది, నూనే బిగుసుకుందని మెకానిక్ మీ ఎదుటే చెప్పాడు. మీ తప్పేం లేదని చెప్పనా? నిన్న చెప్పాను. 'మరి ఎవరిది వైదేహి గారూ' అన్నారు మీరు. నేను కాఫీ పెట్టే వంకన వంటింట్లోకి వెళ్ళిపోయాను. కాలం గడిస్తే తగ్గుతుందని చెప్పనా? తగ్గుతుందని నాకు నమ్మకం లేదు. నమ్మకం లేని మాట మీతో అనలేను.

మిగతావాళ్ళకు ఒక్కటే విన్నపం. రేపటి నుంచి ఈ సంగతి చెప్పుకునేటప్పుడు ఆయన నూనె మార్చారని చెప్పండి. ఎందుకు మార్చారో కూడా చెప్పండి. సగంలో ఆపకండి.

ఇప్పుడు అందరూ లేవండి. ఫోన్లు లోపల పెట్టండి. కేశవరావు గారూ, మీకు నిలబడే ఓపిక లేదు, మీరు కూర్చోండి. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఇద్దరు వెళ్ళి ఆయన పక్కన నిలబడండి. ఆయన ఏడిస్తే ఏడవనివ్వండి. ధైర్యం చెప్పకండి, ఏ మాటా చెప్పకండి. మన దగ్గర ఉన్న మాటలేవీ ఆయనకు పనికిరావు. దేవిశ్రీ కోసం, ఆయన కోసం, కాసేపు మౌనంగా నిలబడదాం.