డిపాజిట్ రాదన్న ఎల్లమ్మ

ఏమన్నవ్ వినయ్? మల్లక్క ఎవరంటావా? ఓరి నీ పాడుగాను, నా సొంత అక్కరా! ఈ తాతకు తోడబుట్టిన మనిషి నీకు ఎర్కలేదా? జర గట్ల జరిగి కూసో, మంచం నవారు తెగుతది. పోయి ఏండ్లయింది తియ్యి. ఏడాదంత నాట్లేసుకొని బతికేటి మనిషి, మాట్లాడితే ఊర్లె ఒక్కలు వినకపోయేది. బోనాల నాడు మాత్రం ఎల్లమ్మ పూనేది. ఇగ సూడు, సర్పంచ్ సుత చేతులు కట్టుకొని నిలవడాలె! ఎంటికలు ఇరబోసుకొని "ఒరే సదానందం, కల్లుల నీళ్లు పోస్తానవ్‌రా, కండ్లు పోతయ్!" అని ఉరిమేది. సదానందం గజగజ. అమ్మకన్నీ ఎర్కనే అని ఊరంత దండాలు. అరె, అమ్మ ఎందుకురా, పొద్దుగాల బోరింగు కాడ వాడు కుండల నీళ్లు కలుపుతాంటే అక్కనే సూసింది. నేను పక్కనే ఉన్న!

నవ్వకు. ఆమె దుఃఖం ఆమెకుండె. బిడ్డ యమునకు పొలంల పాము కరిస్తె, హన్మకొండ పొయ్యేదాంక ఆగలే, ఆటోలనే పాణం పోయింది. పదారేండ్ల పిల్ల. గప్పటిసంది అక్కది ఒకటే పట్టు, ఊర్లె దవాఖాన కావాలె. రోడ్డు పక్కన సర్కారు జాగ సుత ఉండె. దాని మీద ఓంప్రకాశ్ కన్ను పడ్డది. సర్పంచ్‌కి నిలబడ్డడు గదా, గెలిస్తె ఆడ ఫంక్షన్ హాల్ కట్టాలని టేపు పెట్టి కొలిపిచ్చిండు గూడ.

బోనాలకు ముందు నా దగ్గరకొచ్చిండు. "అన్నా, నేనే గెలుస్తనని అమ్మ నోట ఒక్క మాట రావాలె. వీడియో తీసి వాట్సాప్‌ల ఇడుస్త" అన్నడు. నేను పోయి అక్కకు చెప్పిన, సిగ్గుంటె కదా నాకు. "నన్నడుగుతవేందిరా, దేవతనడుగు" అని కసిరింది.

ఇగ ఆ దినం డప్పులు, పొగ, అక్క ఊగుతాంది. ఓంప్రకాశ్ అంగి ఇస్త్రీ నలగకుంట మోకాళ్ల మీద కూసొని, మొకం కెమెరా దిక్కు మలిపి, "అమ్మా, నా గతేందమ్మా?" అన్నడు. అక్క ఊగుడు ఆపింది. ఎన్నడు గట్ల ఆపలే. కండ్లు మూసుకొని, ఎవరో చెప్తాంటే ఇంటాన్నట్టు తలకాయ వంచింది. నాకే భయమైంది. అటెన్క ఒక్కటే కేక! "ఒరే ఓంప్రకాశ్, నీకు డిపాజిట్ సుత రాదురా! దవాఖాన జాగ ముట్టినోని కుడిచెయ్యి పడిపోతది!"

తీరా ఓట్లు లెక్కవెడితే ఏమైంది? మూడొందల మెజారిటీతోని గెలిచిండు! మనోళ్లేమో, అమ్మ తప్పలే, మనం అమ్మకు కోసిన యాటపోతే బక్కది అన్నరు. స్టీఫెన్ పాస్టరేమో, సూసిండ్రా అబద్ధపు దేవతను, నా ప్రార్థన ఫలించింది అని మైకుల మొదలువెట్టిండు. ఆయన పోటీల ఉన్న ముగ్గురి నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసిండ్రా, ఒకటన్న ఫలించదా మరి? పాపం, ఇజ్జత్ పోయింది మా అక్కదే. మళ్లొచ్చే ఏడాది బోనాలకు ఆమె ముంగట ఒక్కడు నిలవడలే.

గని ఓంప్రకాశ్ ఉన్నడు సూడు, గెలిచినోడు గదా, ఆ మాట అబద్ధమని వానికంటె ఎక్కువ ఎవనికెర్క? అయినా ఆ జాగల అడుగు పెట్టలే! ఆఖరికి సర్కారోళ్లు ఆడనే దవాఖాన కడితే, కుడిచెయ్యి జేబుల దాసుకొని ఎడమచేత్తోని రిబ్బను కత్తిరిచ్చిండు.

అక్క పొయ్యేముందు ఆ దవాఖానలనే సెలైన్ ఎక్కుతాంటే అడిగిన. "అక్కా, నిజం చెప్పు, అమ్మ నీ మీదికి వచ్చేదా?"

"ఒక్కపారే వచ్చిందిరా. ఆ ఓంప్రకాశ్ అడిగిన నాడు."

నాకు నవ్వొచ్చింది. "వచ్చి తప్పెందుకు చెప్పిందే?"

"అమ్మ తప్పు చెప్పలే. వాడే గెలుస్తడన్నది. అమ్మకేమన్న పాము కరుస్తదారా, దవాఖాన మనకు గావాలె గని. నేనే మార్చి చెప్పిన."

... ఆ ఫ్యాన్ జర పెంచు బిడ్డా, ఉక్క పోస్తాంది.